చిన్న వంటగది, చిన్న భోజనాల గది: సర్దుకోవడం, అలంకరించుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఫ్లాట్‌లో వంటగది 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. దాన్ని ఆనుకుని ఉన్న భోజనాల గది 8 అడుగులకు 10 అడుగులు. ఫ్రిజ్, చేతులు కడుక్కునే బేసిన్, పిల్లల స్కూలు బ్యాగులు అన్నీ ఆ రెండో గదిలోనే. హైదరాబాద్‌లో ఈ ఇంట్లోకి వచ్చి 12 ఏళ్లయింది. ఈలోగా వంటగదిని రెండుసార్లు మార్చాం. మొదటిసారి చేసిన తప్పులు రెండోసారి దిద్దుకున్నాం. అది చూసి చుట్టాలూ పక్కింటివాళ్లూ అడుగుతూ వచ్చిన ప్రశ్నలే ఇవి. ఫొటోల్లో కనిపించే వంటగదులు చాలావరకు మన వంటకు కట్టినవి కావు. రోజుకు రెండుసార్లు పోపు వేసి, ఏడాదికి సరిపడా ఆవకాయ దాచుకునే ఇంటికి ఏం నప్పుతుందో అదే ఇక్కడ చెబుతున్నాను.

వంటగది అందంగా కనిపించాలంటే ముందు ఏం కొనాలి?

ముందు ఏమీ కొనకండి. ఒక ఆదివారం గట్టు మీదున్న సామానంతా తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టండి. ఖాళీ గట్టును తుడిచి, ఒక్క నిమిషం గుమ్మంలో నిలబడి చూడండి. మీ వంటగది మీరనుకున్నంత చిన్నది కాదని అప్పుడే తెలుస్తుంది.

గట్టు లోతు మామూలుగా 24 అంగుళాలు ఉంటుంది. పొయ్యి, సింకు పోగా కూరగాయలు తరుక్కోవడానికి మనకు దక్కే చోటు రెండు మూడు అడుగులే. ఆ కాస్త చోటులో మిక్సీ, నూనె డబ్బాలు, నిన్న తెచ్చిన కొత్తిమీర కట్ట, మొన్నటి కొరియర్ కవరు వచ్చి చేరతాయి. ఎంత ఖరీదైన టైల్స్ వేయించినా ఈ సామాను వెనక కనబడవు.

మేం చేసిన పద్ధతి చెబుతాను. గట్టు మీది సామానంతా రెండు అట్టపెట్టెల్లో సర్దాం. వంట చేసేటప్పుడు కావాల్సింది పెట్టెలోంచి తీసుకుని, ఆ తర్వాత దాన్ని అరలో పెట్టుకున్నాం. నెల తిరిగేసరికి పెట్టెలో ఏం మిగిలిందో చూస్తే టోస్టరు, మూడు ప్లాస్టిక్ జగ్గులు, పెళ్లిళ్లలో వచ్చిన గిన్నెలు, మూతలు లేని డబ్బాలు. వాటిలో కొన్ని అటకెక్కాయి, మిగతావి పని మనిషి తీసుకెళ్లింది. ఇప్పుడు మా గట్టు మీద పొయ్యి, ఉప్పు జాడీ, నూనె సీసా, గరిటెల స్టాండు మాత్రమే ఉంటాయి. పోపుల డబ్బా కూడా పొయ్యి కింది సొరుగులోకి వెళ్లిపోయింది.

మొత్తం కొత్తగా చేయిస్తున్నాం. కొలతలు ఎలా ఉండాలి?

అందం గురించి రాస్తూ కొలతలెందుకంటారేమో. కొలత కుదరని వంటగదిలో నడుము నొప్పి వస్తుంది. నొప్పితో నిలబడే చోటును ఎవరూ ముచ్చటగా ఉంచుకోలేరు.

గట్టు ఎత్తు సాధారణంగా 32 నుంచి 34 అంగుళాలు పెడతారు. ఆ అంకెను గుడ్డిగా తీసుకోవద్దు. ఇంట్లో ఎక్కువగా వంట చేసేవాళ్లు మోచేయి మడిచి నిలబడితే, మోచేతికి నాలుగైదు అంగుళాలు కింద గట్టు ఉంటే తరగడం హాయిగా ఉంటుంది. మా అత్తయ్య పొడవు 5 అడుగులు, నాది 5 అడుగుల 5 అంగుళాలు. ఇద్దరం వండుతాం కాబట్టి 33 దగ్గర రాజీపడ్డాం. గట్టుకూ పై అల్మారాలకూ మధ్య 22 నుంచి 24 అంగుళాలు వదలండి. పై అల్మారా లోతు 12 అంగుళాలు దాటితే తలకు తగులుతుంది.

ప్లగ్ పాయింట్లు టైల్స్ వేయకముందే ఆలోచించుకోవాలి. మిక్సీ, గ్రైండర్, ఓవెన్, వాటర్ ఫిల్టర్, ఎలక్ట్రిక్ కెటిల్, ఒక్కోదానికీ ఎక్కడ చోటో కాగితం మీద గీసుకోండి. ఓవెన్ లాంటివాటికి పెద్ద ప్లగ్ కావాలి. సింకు పక్కన మాత్రం స్విచ్ బోర్డు పెట్టించొద్దు.

అల్మారాలకు ఏ చెక్క మంచిది?

ఈ విషయంలో మేం దెబ్బ తిన్నాం. మొదటిసారి పని ఒప్పుకున్న కాంట్రాక్టరు పైకి నిగనిగలాడే లామినేట్ వేసి, లోపల పొట్టు అదిమి చేసిన బోర్డు వాడాడు. చూడ్డానికి చాలా బాగుంది. రెండో వానాకాలం వచ్చేసరికి సింకు కింది తలుపు బొబ్బెక్కినట్టు ఉబ్బింది. ఆ తర్వాత కబ్జాలు ఊడాయి. చివరికి తలుపును చేత్తో ఎత్తి పక్కన పెట్టుకుని గిన్నెలు తీసుకునేదాన్ని. ఆ రెండేళ్లూ నాకు వంటగదిలోకి వెళ్లాలంటేనే దిగులుగా ఉండేది.

అందుకే గట్టిగా చెబుతున్నాను. డబ్బు తక్కువగా ఉంటే తలుపుల సంఖ్య తగ్గించండి, చెక్క నాణ్యత తగ్గించొద్దు. సింకు చుట్టూ, గట్టు కిందా నీళ్లకు తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ వేయించండి. షీటు మీద ఐఎస్ 710 ముద్ర ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. కోసిన అంచులన్నిటికీ బ్యాండింగ్ (అంచు మూసుకునేలా సన్నటి పట్టీ అంటించడం) చేయించాలి, లేదంటే నీళ్లు లోపలికి దిగేది అక్కడినుంచే. పీవీసీ బోర్డుకు నీళ్ల భయం లేదు, చెదలు పట్టవు, కానీ వేడికి మెత్తబడుతుంది. పొయ్యికి దగ్గరగా వద్దు.

మాది పాత ఇల్లు. కడప బండల అరలున్నాయి. తీసేయించి మాడ్యులర్ పెట్టించమంటారా?

తీయించొద్దు! ఆ బండలకు చెదలు పట్టవు, నీళ్లకు చెడవు, పాతిక కిలోల బియ్యం బస్తా పెట్టినా వంగవు. ఇవాళ కొత్తగా అంత గట్టి అరలు కట్టించాలంటే చాలా ఖర్చవుతుంది. వాటికి లేనిది చూడముచ్చటైన ముఖం ఒక్కటే, అది పెట్టించడం తేలిక. బండల ముందు అల్యూమినియం ఫ్రేము బిగించి తలుపులు పెట్టించుకోవచ్చు. అదీ వద్దనుకుంటే అరల లోపలి గోడకు తెల్ల రంగు వేసి, ఒకే రకం గాజు సీసాలు వరుసగా పేర్చండి. నల్లటి బండ మీద కందిపప్పు, ఎండు మిరపకాయలు, మినుములు, బెల్లం ముక్కలు ఎంత అందంగా కనిపిస్తాయో ఒకసారి పెట్టి చూడండి. గుంటూరులో మా అమ్మ వంటిల్లు ఇప్పటికీ ఇలాగే ఉంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు ఆ అరల దగ్గరే ఆగుతారు.

గోడలకు ఏ రంగు వేయాలి?

చిన్న గదికి లేత రంగులే వేయాలని అందరూ చెబుతారు. అది నిజమే కానీ తెలుపు మాత్రం వద్దంటాను. మన వంటలో పసుపూ నూనె ఆవిరీ కలిసి గోడ మీద సన్నటి పొరలా చేరతాయి, తెల్ల గోడ ఆరు నెలలకే మాసినట్టు కనిపిస్తుంది. మజ్జిగ రంగు, లేత గంధం రంగు, పండబోతున్న జామకాయ రంగు అయితే ఆ పొర తెలియదు, గదికి వెలుగూ తగ్గదు. సీలింగ్ మాత్రం తెల్లగానే ఉంచండి.

అల్మారాల్లో పైవి లేత రంగు, కిందివి ముదురు రంగు పెడితే గది ఎత్తుగా అనిపిస్తుంది. అద్దంలా మెరిసే తలుపుల మీద ప్రతి వేలిముద్రా పడుతుంది, రోజూ తుడిచే ఓపిక ఉంటేనే ఆ మెరుపు జోలికి వెళ్లండి. గోడకు కడిగితే పోని పెయింట్ అడగండి. భోజనాల గదిలో ఒక్క గోడకు మాత్రం మీకు నచ్చిన ముదురు రంగు వేసుకోవచ్చు. మా ఇంట్లో బేసిన్ ఉన్న గోడ ఇటుక రంగులో ఉంటుంది.

పొయ్యి వెనక టైల్స్ ఎలాంటివి వేయాలి? మధ్య గీతలు పసుపెక్కుతున్నాయి.

నునుపుగా, పెద్దగా ఉన్న టైల్స్ వేయించండి. టైలు పెద్దదైతే గీతలు తక్కువ, తోమే పని తక్కువ. ఎత్తుపల్లాల డిజైన్ల సందుల్లో నూనె చేరి జిడ్డు గట్టిపడుతుంది. గీతల్లో తెల్ల సిమెంటు నింపితే పసుపు పీల్చుకోక మానదు, దాని బదులు మరకలు పీల్చుకోని ఎపాక్సీ గ్రౌట్ అనే పూత నింపమని అడగండి. ఖర్చు ఎక్కువే, అయినా పొయ్యి వెనక ఉన్న ఆ నాలుగడుగులకైనా పెట్టించండి. రంగు బూడిద లేదా లేత గోధుమ రంగైతే మంచిది.

పసుపు మరక గురించి ఒక మాట. పసుపులోని రంగు ఎండకు నిలవదు. పసుపెక్కిన ప్లాస్టిక్ డబ్బాలు, కటింగ్ బోర్డులు, టేబుల్ క్లాత్‌లు సబ్బుతో కడిగి ఎండలో పెట్టండి, మరక చాలావరకు తేలిపోతుంది.

గట్టుకు ఏ రాయి మంచిది?

గ్రానైట్. ప్రకాశం జిల్లా చీమకుర్తి నల్ల గ్రానైట్ ప్రపంచమంతా వెళ్తోంది, మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. నల్ల రాయి మీద పసుపు, నూనె కనిపించవు. బోరు నీళ్ల తెల్ల మరకలు మాత్రం కనిపిస్తాయి, కాబట్టి పొడి గుడ్డతో తుడవడం అలవాటు చేసుకోవాలి. మార్బుల్ మన వంటకు పనికిరాదు. చింతపండు పులుసు, నిమ్మరసం పడితే మెరుపు పోయి మచ్చ పడుతుంది. కింద తాండూరు రాయి పరిచిన ఇళ్లవాళ్లకూ ఇదే జాగ్రత్త చెబుతున్నాను, అది సున్నపురాయి జాతి, బాత్రూమ్ యాసిడ్ పోసి కడగొద్దు.

వంటగది పగలు కూడా చీకటిగా ఉంటుంది. ఏం చేయాలి?

చాలా వంటగదుల్లో లైటు సీలింగ్ మధ్యలో ఒక్కటే ఉంటుంది. మనం గట్టు వైపు తిరిగి నిలబడితే ఆ వెలుగు మన వీపు మీద పడుతుంది, తరిగే కూరగాయల మీద మన నీడే పడుతుంది. ఎన్ని వాట్ల బల్బు మార్చినా నీడ పోదు. పై అల్మారాల కింద, ముందు అంచుకు దగ్గరగా సన్నటి ఎల్ఈడీ పట్టీ పెట్టించండి. వంటగదిలో పెట్టిన ఖర్చుకు తగిన ఫలితం నాకు వెంటనే కనిపించింది దీనిలోనే. రాత్రి పెద్ద లైటు ఆర్పేసి ఆ పట్టీ ఒక్కటే వేసుకుంటే గది గుడిలా ప్రశాంతంగా ఉంటుంది.

బల్బు కొనేటప్పుడు డబ్బా మీద కెల్విన్ అంకె చూడండి. 6500 అంటే నీలిఛాయ ఉన్న తెలుపు, 4000 అంటే మామూలు తెలుపు, 3000 లేదా 2700 అంటే పాతకాలం బల్బులాంటి పసుపు వెలుగు. గట్టు మీద 4000, భోజనాల దగ్గర 3000 పెట్టుకుంటే బాగుంటుంది. 6500 కింద ముద్దపప్పు, నెయ్యి పాలిపోయి కనిపిస్తాయి. టమాటా పప్పు ఎర్రగా, గోంగూర పచ్చడి నిండుగా కనిపించాలంటే పసుపు వెలుగే కావాలి. ఇల్లంతా ఒకే రకం తెల్ల లైట్లు వేసిన మా చెల్లెలు టేబుల్ పైన ఒక్క బల్బు మార్చింది. కూరలు వేరుగా వండావా అని వాళ్లాయన అడిగాడట.

8 అడుగుల గదిలో ఎంత టేబుల్ పడుతుంది?

లెక్క వేసుకుందాం. ఒక మనిషి చేతులు ఆనించుకుని తినడానికి 24 అంగుళాల అంచు కావాలి. కుర్చీ వెనక్కి జరుపుకుని లేవడానికి టేబుల్ అంచు నుంచి గోడ దాకా కనీసం 30 అంగుళాలు, వెనకనుంచి ఇంకొకరు నడవాలంటే 36 అంగుళాలకు తగ్గకూడదు. గది వెడల్పు 8 అడుగులు, అంటే 96 అంగుళాలు. 30 అంగుళాల వెడల్పున్న టేబుల్ మధ్యలో వేస్తే రెండు వైపులా 33 చొప్పున మిగులుతుంది. లేవొచ్చు కానీ, అన్నం గిన్నె పట్టుకుని వడ్డించేవాళ్లు కుర్చీల వెనక తిరగలేరు.

అందుకే మేం టేబుల్‌ను ఒక గోడవైపు జరిపి, ఆ వైపు కుర్చీలకు బదులు గోడకు ఆనించి బెంచీ వేశాం. బెంచీ మీదున్నవాళ్లు పక్కకు జరిగి లేస్తారు కాబట్టి వాళ్ల వెనక జాగా అక్కర్లేదు. రెండోవైపు నడిచే దారి నిండుగా వచ్చింది. బెంచీ సీటు మూత తెరిస్తే లోపల పండగ గిన్నెలు, అప్పడాల డబ్బాలు, పాత పేపర్లు. టేబుల్ 4 అడుగుల పొడవు, 30 అంగుళాల ఎత్తు. సీటు ఎత్తు 18 అంగుళాలు. నలుగురం సుఖంగా, ఆరుగురం కొంచెం ఇరుగ్గా కూర్చుంటాం.

గది చదరంగా ఉంటే 36 అంగుళాల గుండ్రటి టేబుల్ మంచిది. మూలలు లేవు కాబట్టి పిల్లలకు దెబ్బలు తగలవు, కంచాలు దగ్గరగా ఉన్నా ఇరుకనిపించదు. ఇద్దరే ఉండే ఇల్లయితే గోడకు మడిచే పలక చాలు. గాజు టేబుల్ గదిని ఖాళీగా చూపిస్తుంది, కానీ చేత్తో తినే మన ఇళ్లలో పూటపూటా తుడవాలి.

టేబులే వద్దనుకునేవాళ్లూ ఉన్నారు. మోకాళ్లు సహకరిస్తే నాలుగు పీటలు, ఒక చక్కటి చాప పెట్టుకోండి. తిన్నాక పీటలు గోడకు ఆనించి నిలబెట్టేస్తే గదంతా మీదే.

టేబుల్ మీద వేలాడే లైటు పెట్టించాలని ఉంది. ఫ్యాను అడ్డమొస్తోంది.

విదేశీ ఫొటోల్లో ఈ చిక్కు ఉండదు, మన ఎండాకాలంలో ఫ్యాను లేకుండా తినలేం. ఫ్యాను గాలికి వేలాడే లైటు ఊగుతుంది, కంచాల్లో నీడలు కదులుతాయి. లైటు ఫ్యాను రెక్కల పైన ఉంటే వెలుగు మినుకుమినుకుమంటూ తలనొప్పి తెప్పిస్తుంది. గోడకు చిన్న ఫ్యాను బిగించి లైటును మధ్యలో ఉంచడం ఒక దారి. అప్పుడు లైటు టేబుల్‌కు 30 అంగుళాల పైన ఉండేలా చూడండి, ఎదుటివాళ్ల ముఖం కనబడాలి. ఫ్యానే మధ్యలో ఉండాలంటే గోడకు లైటు పెట్టించుకోండి. మేం చేసింది అదే.

చేతులు కడుక్కునే బేసిన్ మూల ఎప్పుడూ వికారంగా ఉంటోంది.

భోజనాల గదిలో బేసిన్ మన ఇళ్ల ప్రత్యేకత. కట్టేటప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. గోడ మీద సబ్బునీళ్ల చారలు, కింద బయటికి కనిపించే పైపు, మేకుకు వేలాడే తువ్వాలు, ఇంటికొచ్చినవాళ్లు మొదట చూసేది ఆ మూలనే.

బేసిన్ చుట్టూ మూడడుగుల ఎత్తుదాకా టైల్స్ వేయించండి. ఇంట్లో ఇదొక్క చోట మాత్రం పూల టైల్స్, రంగుల టైల్స్ పెట్టుకోవడానికి నేను ఒప్పుకుంటాను, జాగా తక్కువ కాబట్టి ఖర్చూ తక్కువే. పైన గుండ్రటి అద్దం, దాని మీద చిన్న లైటు. కింద పైపు కనబడకుండా రెండు తలుపుల చిన్న అర, అందులో ఫినాయిలు, తుడిచే గుడ్డలు. తువ్వాలుకు స్టీలు రింగు. అద్దంలో ఎదుటి కిటికీ కనిపించేలా చూసుకుంటే గదిలోకి ఇంకో కిటికీ వచ్చినట్టుంటుంది.

అమ్మవాళ్లిచ్చిన స్టీలు స్టాండు ఉంది. ఇప్పటి వంటగదికి బాగుంటుందా?

ఎందుకు బాగుండదు! కంచాలు నిలువుగా, గ్లాసులు బోర్లా, గరిటెలు కొక్కేలకు, కడిగిన గిన్నెల నీళ్లు వాటంతటవే కారిపోతాయి. గాలి తగిలి ఆరతాయి కాబట్టి వాసన రాదు. నిమ్మకాయ రుద్ది తోమిన స్టీలు కంచాల వరుస మీద పొద్దుటి ఎండ పడితే వేరే అలంకారమెందుకు? సింకు పైన బిగించండి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. కొత్త అపార్ట్‌మెంట్లలో గోడలు తేలికపాటి బ్లాకులతో కడుతున్నారు, మామూలు ప్లగ్గులు వాటిలో నిలవవు. ఆ గోడలకు సరిపోయే పొడవాటి యాంకర్లు వేయమని అడగండి. నిండుగా గిన్నెలున్న స్టాండు ఊడి పడితే ప్రమాదం.

ఫ్రిజ్ భోజనాల గదిలోనే పెట్టాల్సి వస్తోంది.

పెట్టండి. వెనకా పక్కలా గాలి ఆడే సందు వదిలి, పైన సామాను పేర్చకుండా ఉంటే చాలు. దాని పైన అట్టపెట్టెలు లేకపోతే గది సగం సర్దినట్టే.

దేవుడి గూడు వంటగదిలోనే ఉంది. ఎలా అమర్చాలి?

వాస్తు చూసేవాళ్లు వంట ఆగ్నేయంలో, పూజ ఈశాన్యంలో అంటారు. చిన్న ఫ్లాట్లలో రెండూ ఒకే గదిలో కుదరాల్సి వస్తుంది. గూడు సింకు పైనా పొయ్యి పైనా లేకుండా చూసుకోండి, నూనె ఆవిరికి పటాలు జిడ్డెక్కుతాయి. దీపం పెట్టే అరకు పైన చెక్క ఉంటే వేడికి నల్లబడుతుంది, అక్కడ రాతి పలక గానీ స్టీలు రేకు గానీ వేయించండి. దీపం కింద ఇత్తడి పళ్లెం పెట్టుకుంటే నూనె గట్టు మీదికి కారదు. కుదిరితే గూటిని భోజనాల గది తూర్పు గోడకు మార్చండి. మేం అలా మార్చాక పొద్దున దీపం పెట్టిన వెలుగులో పిల్లలు పాలు తాగడం మా ఇంట్లో నాకు చాలా ఇష్టమైన దృశ్యం.

అద్దె ఇల్లు. గోడకు మేకు కొట్టనివ్వరు.

టైల్స్ మీద అంటించే కొక్కేలు బాగా పట్టుకుంటాయి, పెయింట్ గోడ మీద పొరతో సహా ఊడొస్తాయి. అంటించే ముందు టైలు మీది జిడ్డు పూర్తిగా పోయేలా తుడిచి ఆరనివ్వాలి. ఫ్రిజ్ పక్క భాగానికి అయస్కాంతం అరలు దొరుకుతాయి, మసాలా సీసాలకు సరిపోతాయి. చక్రాలున్న సన్నటి ర్యాకు ఒకటి కొంటే ఉల్లిపాయలు, బంగాళదుంపలు, అల్లం దానిలో సర్దుకుని, ఇల్లు మారినా తీసుకెళ్లొచ్చు. అరల మీద పాత పేపర్లు తీసేసి కడుక్కోవడానికి వీలైన షీటు పరచండి. వదిలిపోయే ఇల్లే కదా అని దిగులుపడొద్దు, అక్కడున్న రెండేళ్లూ మీ జీవితంలో భాగమే.

ఓపెన్ కిచెన్ పెట్టుకుంటే పోపు ఘాటు ఇల్లంతా వస్తుందా?

వస్తుంది. మిరపకాయలు వేయించిన రోజు పడకగదిలో కూడా దగ్గుతారు. గోడ తీసేయాలనే ఉంటే ఆ చోట జరిపే గాజు తలుపు పెట్టించండి, వెలుగు అటూ ఇటూ పారుతుంది, పొగ ఆగుతుంది. చిమ్నీ పొయ్యికి 26 నుంచి 30 అంగుళాల పైన ఉండాలి. పైపు ఎంత పొట్టిగా ఉండి, వంపులు ఎంత తక్కువుంటే అంత బాగా లాగుతుంది. పొగను బయటికి పంపకుండా లోపలే వడపోసే రకం మన వేపుళ్లకు చాలదు. చిమ్నీకి డబ్బు లేకపోతే మంచి ఎగ్జాస్ట్ ఫ్యాను, ఎదురుగా తెరిచిన కిటికీ, ఈ రెండూ చాలా పని చేస్తాయి.

కిటికీకి కర్టెన్, సిలిండర్‌కు అల్మారా పెట్టించొచ్చా?

పొయ్యి పక్క కిటికీకి గుడ్డ కర్టెన్ వద్దే వద్దు. గ్లాసుకు పాలరంగు ఫిల్మ్ అంటించుకోండి. సిలిండర్ పెట్టే అర తలుపుకు కింది భాగంలో కచ్చితంగా రంధ్రాలుండాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది. సిలిండర్ నిటారుగా, పొయ్యికన్నా కింద ఉండాలి. రబ్బరు గొట్టం మీద తేదీ చూసి గడువు దాటితే మార్చేయండి.

మన చేతిపనుల వస్తువులు పెట్టుకోవాలని ఉంది. వంటగదిలో పాడవుతాయా?

వంటగదిలో పాడవుతాయి, భోజనాల గదిలో పాడవవు. కొండపల్లి బొమ్మలు తేలికైన పొనికి చెక్కతో చేస్తారు, జిడ్డు పడితే తడి గుడ్డతో గట్టిగా తుడవలేం. వాటిని పొయ్యికి దూరంగా, గాజు తలుపున్న అరలో పెట్టండి. ఏటికొప్పాక లక్క బొమ్మలు, డబ్బాలు అంకుడు కర్రతో చేస్తారు. నునుపుగా ఉంటాయి, పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చిన్న లక్క గిన్నెలో వక్కపొడి, సోంపు వేసి టేబుల్ మీద పెడితే అందమూ వాడకమూ రెండూ కుదురుతాయి. టేబుల్ మీదికి పెడన కలంకారీ అచ్చు గుడ్డ చాలా బాగుంటుంది. ముదురు ఎరుపు, నలుపు కాబట్టి మరకలు దాస్తుంది. మొదట్లో రంగు దిగుతుంది, విడిగా ఉతికి నీడలో ఆరేయండి. పోచంపల్లి ఇక్కత్ పట్టీని టేబుల్ మధ్యలో పరిచి దాని మీద పచ్చడి జాడీలు పెడితే పండగలా ఉంటుంది. చేర్యాల మాస్కులు గోడకు రెండు చాలు.

ఇక్కడ ఒక మాట. అన్నీ ఒకేచోట పెట్టొద్దు. ఒక ఊరి పనితనం ఒక గోడకు ఇవ్వండి, అప్పుడే చూసేవాళ్ల కన్ను దాని మీద నిలుస్తుంది.

మొక్కలు?

కిటికీలో కరివేపాకు బతకాలంటే నేరుగా ఎండ కావాలి, చాలా వంటగదుల్లో ఉండదు. పుదీనా కొంచెం ఎండతోనే వస్తుంది. బేసిన్ పక్కన మనీ ప్లాంట్ నీళ్ల సీసాలోనే పెరుగుతుంది.

మేం అమెరికాలో అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. ఇవన్నీ మాకు వర్తిస్తాయా?

లైట్లు, టేబుల్ కొలతలు, గట్టు ఖాళీ చేయడం, ఇవి ఎక్కడైనా ఒకటే. మీకు అదనంగా ఉండే టెన్షన్ పొగ అలారం. పొయ్యి పైనున్న ఫ్యాను చాలా అపార్ట్‌మెంట్లలో పొగను బయటికి పంపదు, జల్లెడలోంచి తిప్పి లోపలికే వదులుతుంది. దాని ఫిల్టర్ ఎప్పటికప్పుడు శుభ్రం చేస్తూ, చార్కోల్ ఫిల్టర్ ఉంటే మారుస్తూ ఉండండి, పోపు వేసే ముందే కిటికీ తీయండి. అలారం బ్యాటరీ మాత్రం తీయొద్దు. పొయ్యి వెనక గోడకు ఊడదీయగలిగే షీటు అంటించుకుంటే, ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ దగ్గర మాట పడదు. ఆ షీటు వేడికి తట్టుకునేదై ఉండాలి.

పండక్కి పదిహేను మంది వస్తారు. ఇంత చిన్న చోట ఎలా?

మా ఇంట్లో సంక్రాంతికి జరిగేది చెబుతాను. డైనింగ్ టేబుల్‌ను పూర్తిగా గోడకు తోసేస్తాం, అది ఆ రోజుకు వడ్డన బల్ల. కలంకారీ గుడ్డ తీసేసి అరటాకులు పరిచి, వాటి మీద పులిహోర, గారెలు, పరమాన్నం, పప్పు గిన్నెలు వరుసగా పెడతాం. కుర్చీలు హాల్లో పెద్దవాళ్లకు వెళ్తాయి. మిగిలినవాళ్లకు హాల్లోనే గోడ వెంబడి చాపలు, ఎదురుగా ఆకులు. బెంచీ లోపలి పెద్ద గిన్నెలు ఆ ఉదయమే బయటికొస్తాయి, సాయంత్రం కడిగి అక్కడికే వెళ్తాయి. మొదటి బంతి పిల్లలది. వాళ్లు తిని బేసిన్ దగ్గర వరుస కట్టేలోగా మా అత్తయ్య రెండో బంతికి ఆకులు కడుగుతూ ఉంటుంది.